కొవ్వొత్తి రాత్రి ఆట

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కోపంగా ఉంటావని తెలుసు, క్షమించరా. అమ్మ మోకాలు నయం, చిన్నది ఆరో తరగతికొచ్చింది, నా బదిలీ ఆగిపోయింది. అంతా కులాసా. ఇక అసలు సంగతి విను, మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

కొవ్వొత్తి రాత్రి చదరంగంలో నేను ఓడిపోలేదు!

అటక సర్దుతుంటే మన హాస్టల్ లాంగ్ నోట్‌బుక్ దొరికింది. 23వ పేజీలో ఆ ఆట, పక్కనే మైనం మరక, కింద నీ చేతిరాతతో 'శాస్త్రిగారు లొంగిపోయారు'. అది చూడగానే మళ్ళీ గొంతులో ఏదో అడ్డం పడింది. అప్పుడు తొమ్మిది రోజులు టీ పోయించావు, గుర్తుందా?

వెంటనే స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఆడే ప్రోగ్రామ్ దించుకున్నాను. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా ఎవరైనా చదువుకోవచ్చు. 2008లో గ్లౌరుంగ్ అనే నార్వే ప్రోగ్రామ్ కోడ్ తీసుకుని ఒక ఇటలీ ఆయన మొదలుపెట్టాడట. స్టాక్‌ఫిష్ అంటే ఎండు చేప. నార్వేలో ఎండబెట్టిన చేపని ఇటలీలో వండినట్టు, అందుకే ఆ పేరు. తెరిస్తే బోర్డు లేదు, పావులు లేవు, నల్లటి కిటికీలో ఒక్క లైను! 'యూసీఐ' (బోర్డు చూపించే ప్రోగ్రామ్‌తో అది మాట్లాడే భాష పేరు) అని కొడితే బోలెడు లైన్లు వచ్చి చివర్లో 'యూసీఐఓకే' అంది. బోర్డు చూపించే ప్రోగ్రామ్ వేరే పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. సిజీగీ ఫైళ్లు కూడా దించాను. నేను దించినవి బోర్డు మీద రాజులతో సహా అయిదు లేదా అంతకన్నా తక్కువ పావులు మిగిలితే ఫలితం ముందే లెక్కగట్టి ఉంచిన పట్టికలు.

ఇప్పుడు ఆఖరి స్థితి గుర్తు తెచ్చుకో. నీకు రాజు, తెల్ల గడుల శకటు, కుడి అంచున బంటు. నాకు ఒంటరి రాజు, ఎఫ్7 గడిలో, ఎత్తు నాదే. నేను చెయ్యి కలిపి లేచిపోయాను. అదే పెట్టి నొక్కాను. సున్నా! అంటే ఇద్దరం సమానం. రెండోసారి నొక్కినా సున్నాయే.

కారణం వినరా, ఎంత అందంగా ఉందో. నీ బంటు మంత్రి కావాల్సిన మూల గడి నల్లది. నీ శకటు జన్మలో నల్ల గడి తొక్కదు. నా రాజు ఆ మూలలో దూరితే దాన్ని కదిపేవాడే లేడు. నీ వైపు నేను కూర్చుని, నా రాజుని స్టాక్‌ఫిష్‌కిచ్చి ఆడాను. మూలకీ పక్క గడికీ తిరుగుతూనే ఉంది. నేను బంటుని తోసుకెళ్తే చివరికి చెక్కూ లేదు, కదలడానికి చోటూ లేదు. ఆట సమానం. అర్ధరాత్రి ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను.

నిన్ను తప్పుపట్టడం లేదు, నీకూ తెలియదుగా. కానీ ఇన్నేళ్ళూ ఆ రాత్రి తలుచుకుంటే... సరే, వదిలెయ్.

ఇంకోటి. ఆ ప్రోగ్రామ్‌లో ప్రతి మార్పునీ వేల ఆటలాడించి పరీక్షిస్తారట. అందుకు లోకమంతా వాలంటీర్లు తమ కంప్యూటర్లు అరువిస్తారు, ఫిష్‌టెస్ట్ అంటారు. రాత్రుళ్ళు మా లాప్‌టాప్ కూడా ఇస్తున్నాను. ఫ్యాను మోతకి మీ చెల్లెమ్మ తలుపేసుకుని పడుకుంటోంది. నాకేమో ఆ రుణం కొంచెమైనా తీర్చాలని ఉంది.

ఆ, 31వ పేజీలో నువ్వు గెలిచానని చంకలు గుద్దుకున్న ఆట ఉంది చూడు, అందులో గుర్రం ఎత్తు దగ్గర... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళైంది. టీ బాకీ మర్చిపోకు!

నీ శాస్త్రి