డీఎన్ఏకు దెబ్బ బయటినుంచే తగలదు

సంపాదకులకు నమస్కారం.

డీఎన్ఏ పాడవుతుందనగానే అందరూ రేడియేషన్, సెల్‌ఫోన్ గురించే మాట్లాడతారు. ఏ విషమూ తగలకపోయినా మన కణాల లోపలే ఈ నష్టం రోజంతా జరుగుతూనే ఉంటుందని ఎందుకు రాయరు? ఒంట్లోని మామూలు వేడికీ నీటికీ ఒక్కో కణంలో రోజుకు సుమారు 10,000 చోట్ల డీఎన్ఏ నుంచి బేస్‌లు (దాని రాతలోని అక్షరాల్లాంటి భాగాలు) ఊడిపోతుంటాయి, మైటోకాండ్రియా శక్తిని తయారుచేసేటప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు గ్వానీన్ అనే బేస్‌ను పాడుచేస్తాయి, కణం రెండుగా విడిపోయేముందు డీఎన్ఏ కాపీ అవుతున్నప్పుడూ తప్పులు దొర్లుతాయి. వీటిలో చాలావరకు కణమే సరిచేసుకుంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో తేల్చినందుకే 2015లో తోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బయటి కారణాలు లేవని కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లో డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమీన్ అనే బేస్‌లను ఒకదానికొకటి అతికించేస్తాయి. పొగాకు పొగలోని బెంజోపైరీన్, మద్యం నుంచి తయారయ్యే అసిటాల్డిహైడ్, బూజు పట్టిన గింజల్లోని అఫ్లటాక్సిన్ కూడా డీఎన్ఏను దెబ్బతీస్తాయి. సెల్‌ఫోన్ తరంగాలకు మాత్రం రసాయన బంధాలను నేరుగా తెంచేంత శక్తి లేదు. దానిమీద అంత టెన్షన్ పడేవాళ్లు చేతిలోని సిగరెట్ గురించి అస్సలు ఆలోచించకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో మాట. క్యాన్సర్ వచ్చినవాళ్లను “ఏం అలవాట్లున్నాయి?” అని నిలదీసేవాళ్లు ఎక్కువైపోయారు. ఏ అలవాటూ లేనివాళ్లలోనూ, కేవలం డీఎన్ఏ కాపీలో దొర్లిన తప్పులవల్ల, ఆ జబ్బు రావచ్చు. దయచేసి ఆరోగ్య పేజీలో ఈ విషయం వివరంగా రాయండి.

— ఒక పాఠకురాలు