అమ్మలుకి, కొత్త పికప్ గురించి

చి. సౌ. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు బండ్ల లిస్టు చూశాను. ఫోన్‌లో మాట్లాడితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, విషయం సగంలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదివి అల్లుడుగారికి కూడా చూపించు. ఆయనకు వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) మీద ఉన్న మోజు నాకు తెలుసు కాబట్టి కొన్నిచోట్ల ఆయన ముఖం చిట్లిస్తారని కూడా తెలుసు.

"టర్బోలన్నీ పాడైపోతున్నాయట, పాత రకం వీ8 కొంటే టెన్షన్ ఉండదట" అని రాశావు. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ ఒత్తిడితో తిరుగుతూ లోపలికి ఎక్కువ గాలి కుక్కే చిన్న పంకా. అమెరికాలో ఈ మాట చాలామంది నోట వినిపిస్తోంది. కానీ నీ లిస్టులోనే దానికి జవాబు ఉంది. టయోటా టండ్రానీ, జనరల్ మోటార్స్ సియెర్రానీ పక్కపక్కన పెట్టి చూడు.

టండ్రాలో 2022 మోడల్ నుంచి 5.7 లీటర్ల వీ8 తీసేసి, రెండు టర్బోలున్న 3.4 లీటర్ల వీ6 పెట్టారు. 2024 మేలో టయోటా దాదాపు 1,02,000 బండ్లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. ఇంజన్ తయారీలో కోత పని చేసినప్పుడు రాలిన లోహపు రజను పూర్తిగా కడగకుండా లోపలే మిగిలిపోయిందని, దానివల్ల క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) మోసే మెయిన్ బేరింగులు దెబ్బతింటున్నాయని తేలింది. 2025 నవంబరులో మరో 1,27,000 బండ్లు ఆ జాబితాలో చేరాయి. ఇది చదివిన ఎవరైనా "చూశారా, టర్బో" అనే అంటారు.

ఇక సియెర్రాలోని 6.2 లీటర్ల ఇంజన్ చూడు. టర్బో లేదు, పుష్‌రాడ్‌లతో (వాల్వులను తెరిచే పొడవాటి కడ్డీలతో) నడిచే అచ్చమైన పాతకాలపు పద్ధతి వీ8. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ ఆ ఇంజన్ ఉన్న 2021-24 మోడళ్లను రీకాల్ చేసింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 7,21,000 బండ్లు. అక్కడా క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్‌ల తయారీలో లోపమే. పరీక్షలో ఫెయిలైన బండికి కొత్త ఇంజన్ వేస్తారు. పాసైన బండికి 0W-20 బదులు కొంచెం చిక్కటి 0W-40 ఆయిల్ పోసి, ఆయిల్ పోసే చోటి మూత కూడా మార్చి పంపిస్తారు.

ఒకటి కొత్త టెక్నాలజీ, ఇంకొకటి పాతది. రెండూ దెబ్బతిన్నది ఇంజన్ అడుగున, క్రాంక్‌షాఫ్ట్ దగ్గరే. టర్బో వల్ల కాదు, టర్బో లేకపోవడం వల్లా కాదు. ఫ్యాక్టరీలో పని శుభ్రంగా జరగలేదు. అందుకే సిలిండర్లు లెక్కపెట్టి బండి ఎంచుకోవద్దంటున్నాను.

డిపో గ్యారేజీలో పట్టేసిన ఇంజన్ విప్పితే నేను మొదట చూసేది బేరింగ్ షెల్‌నే, అంటే క్రాంక్‌షాఫ్ట్ ఆనుకుని తిరిగే పల్చటి రేకునే. మంచి షెల్ మెరుపులేని బూడిదరంగులో, వేలితో రాస్తే పట్టులా ఉంటుంది. చెడిపోయిన దాంట్లో ఆ మెత్తటి పూత అరిగిపోయి కింద రాగి రంగు తేలుతుంది, షాఫ్ట్ తిరిగే దిశలో గీతలుంటాయి. షాఫ్ట్‌కీ షెల్‌కీ మధ్య ఉండేది ఆయిల్ పొర ఒక్కటే. అది కొన్ని మైక్రాన్ల మందం, తల వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులో రజను దూరితే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి టార్చి వేస్తే రజను తళతళమంటుంది. మోత పైకి వినపడేసరికి చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది.

ఇంజన్లు ఇలా ఎందుకు మారాయని అడిగావు. మైలేజీ నిబంధనలు. 2012లో ఒబామా ప్రభుత్వం 2025 మోడళ్ల దాకా ఏటేటా బిగించుకుంటూ పోయే లెక్కలు పెట్టింది. చిన్న ఇంజన్‌కు టర్బో తగిలిస్తే పరీక్షలో తక్కువ తాగుతుంది, బరువు లాగాల్సినప్పుడు పెద్ద ఇంజన్‌లా లాగుతుంది. ఫోర్డ్ 2011లోనే ఎఫ్-150లో 3.5 ఎకోబూస్ట్ (ఫోర్డ్ తన టర్బో ఇంజన్లకు పెట్టిన పేరు) పెట్టి ఆ దారి పట్టింది. పల్చటి 0W-20 ఆయిళ్లు వచ్చిందీ ఆ మైలేజీ కోసమే. 2025లో ఆ నిబంధనలు మీరితే కట్టాల్సిన జరిమానాను చట్టం చేసి సున్నా చేశారు. ఆ వేసవిలోనే రామ్ కంపెనీ మానేసిన 5.7 హెమీ వీ8ని 2026 మోడల్‌లో మళ్లీ తెస్తామని ప్రకటించింది. అల్లుడుగారు పండగ చేసుకుని ఉంటారు.

అయితే హెమీ అయినా, జనరల్ మోటార్స్ వీ8 అయినా ఆయన అనుకుంటున్నంత సాదా ఇంజన్లు కావు. పెట్రోలు ఆదా కోసం నడుస్తూ నడుస్తూ కొన్ని సిలిండర్లను ఆపేస్తాయి. ఆపేది ఎలాగంటే, వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్ట్ మీద కూర్చునే లిఫ్టర్ అనే ముక్క లోపల చిన్న పిన్ను ఉంటుంది, ఆయిల్ ప్రెషర్‌తో అది వెనక్కి జరిగితే ఆ వాల్వు తెరుచుకోదు. ఆ పిన్ను ఇరుక్కున్నా, లిఫ్టర్ కిందున్న రోలర్ తిరగడం మానేసినా క్యామ్‌షాఫ్ట్‌ను గీరేస్తుంది. ఈ ఇంజన్లలో జనం ఎక్కువగా మొత్తుకునేది దీని గురించే. పాత పేరు చూసి పాత ఇంజన్ అనుకోకూడదు.

టర్బోల వైపు కూడా న్యాయంగా చెప్పాలి కదా. టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, ఎర్రగా కాలుతుంది, దాన్ని కాపాడేది మళ్లీ ఆ ఆయిలే. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతిలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు కాబట్టి మసి పేరుకుంటుంది. ఫోర్డ్ 3.5లో 2017 నుంచి, 2.7లో 2018 నుంచి రెండు చోట్లా ఇంజెక్టర్లు పెట్టి ఆ తలనొప్పి తగ్గించింది. అలాగని ఫోర్డ్‌కి ఏ మచ్చా లేదనుకోకు. ఇన్‌టేక్ వాల్వులు విరుగుతున్నాయని 2024లో 2.7, 3.0 ఎకోబూస్ట్ ఉన్న 2021-22 బండ్లు 90,000 పైచిలుకు రీకాల్ అయ్యాయి. కాకపోతే కారణం దొరికింది, ఆ వాల్వుల లోహం మార్చేశారు. ఇలా ఒకసారి దెబ్బతిని సరిదిద్దుకున్న ఇంజన్‌నే నేను ఎక్కువ నమ్ముతాను.

రామ్‌లో కొత్తగా వచ్చిన హరికేన్ అనే టర్బో ఇంజన్ కాగితం మీద అద్భుతంగా ఉంది. 3 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, మామూలు రకానికే 420 హార్స్‌పవర్. కానీ రామ్ 1500లోకి వచ్చింది 2025 మోడల్‌తోనే. నీ డబ్బుతో ఆ పరీక్ష చేయించడం నాకిష్టం లేదు. 2026 రామ్‌కి 10 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజన్, గేర్‌బాక్స్) వారంటీ ఇస్తున్నారు, మిగతావాళ్లు ఎక్కువగా ఇచ్చేది 5 ఏళ్లు, 60,000 మైళ్లే. మంచి మాటే. అయితే బండి అమ్మితే ఆ వారంటీ కొన్నవాళ్లకు చెల్లుతుందా లేదా అన్నది కాగితంలో చదవకుండా దాన్ని ధరలో కలిపి చూసుకోకు.

మధ్యలో బాబాయి అడిగాడు, టయోటా హైలక్స్ కొనుక్కోవచ్చు కదా అని. అక్కడ అమ్మరురా అని చెప్పాను. ఎప్పుడో కోళ్ల ఎగుమతుల గొడవలో బయట దేశాల్లో తయారైన చిన్న ట్రక్కుల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. 1964 నుంచీ అది అలాగే ఉంది. అదొక్కటే కారణం కాదనుకో, కానీ వాడు గంటసేపు నవ్వాడు.

ఇప్పుడు నీ పని సంగతి. వారమంతా నర్సరీకి పోయి రావడం, మొత్తం పది నిమిషాల దూరం. వారాంతంలో మొక్కల ట్రెయిలర్‌తో సంతకి. ట్రెయిలర్ నిండితే 4,500 పౌండ్లు అని రాశావు. ఇంజన్‌కు ఎక్కువ చేటు చేసేది ట్రెయిలర్ అనుకుంటున్నావేమో, నన్నడిగితే ఆ పది నిమిషాల ప్రయాణమే. చలికాలంలో ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తావు. కాలని పెట్రోలు రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు గుప్పుమంటుంది, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనపడుతుంది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో, అందులోనూ టర్బోలున్నవాటిలో ఇది ఎక్కువ. అందుకే నీకు పెద్ద టర్బో ఇంజన్ వద్దంటున్నాను.

ఈ పది నిమిషాల పనికి నిజానికి ఎలక్ట్రిక్ బండి బాగా సరిపోతుంది. కానీ ట్రెయిలర్ తగిలిస్తే ఛార్జి ఇంచుమించు సగం దూరానికే అయిపోతుంది. పైగా ఎఫ్-150 లైట్నింగ్‌ని ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ఫోర్డ్ చెప్పింది, రామ్ అయితే పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ను మొదలుపెట్టకముందే మానుకుంది. కంపెనీకే మనసు నిలవని చోట నువ్వు పదేళ్లకు కమిట్ కావద్దు.

నా మాట ఏమిటంటే, నీ లిస్టులో లేని బండి ఒకటి వెళ్లి చూడు. నిస్సాన్ ఫ్రంటియర్. 3.8 లీటర్ల వీ6, 310 హార్స్‌పవర్, టర్బో లేదు, సిలిండర్లు ఆపడం లేదు, టైమింగ్ చైన్. ఇంజన్ 2020 నుంచి ఆ బండిలో ఉంది. అది కూడా నేరుగా చిమ్మే రకమే కాబట్టి ఆయిల్ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. లోపల సోకు తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా అరుస్తుంది, మైలేజీ గొప్పేం కాదు. 4,500 పౌండ్లకు మాత్రం చాలు. నీకు ఫుల్ సైజు ట్రక్కు ఎందుకో నాకు అర్థం కాలేదు. అల్లుడుగారు పెద్ద బండే కావాలని పట్టుబడితే ఎఫ్-150లో చిన్న టర్బో, 2.7 ఎకోబూస్ట్ తీసుకోండి. సియెర్రా 6.2 జోలికి మాత్రం ఇప్పుడప్పుడే పోవద్దు.

షోరూముకి వెళ్లినప్పుడు డ్రైవర్ తలుపు తెరిచి, స్తంభం మీద అంటించిన స్టిక్కర్ చూడు. మనుషులు, సరుకు కలిపి ఇంత బరువు మించకూడదు అని ఉంటుంది. బ్రోషర్‌లో అంకె వేరు, ఆ బండికి ఆ స్టిక్కరే లెక్క. 1,300 పౌండ్లు అని ఉందనుకో. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం బండి వెనక కొక్కెం మీద పడుతుంది. 12 శాతం వేసుకుంటే 540. మీ ఇద్దరూ 320. మిగిలింది 440, అంటే 40 పౌండ్ల కంపోస్టు బస్తాలు 11. పన్నెండోది ట్రెయిలర్‌లోకి మార్చినా దానిలో కొంత మళ్లీ కొక్కెం మీదికే వస్తుంది. చాలామంది ఎన్ని పౌండ్లు లాగుతుందనే అడుగుతారు, ఈ స్టిక్కర్ వైపు చూడరు.

బండి గుర్తింపు నంబరు, అదే విన్ నంబరు, అంకెలూ అక్షరాలూ కలిపి 17 ఉంటుంది. అది తీసుకెళ్లి అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొట్టు, పెండింగ్ రీకాల్ ఉంటే చెబుతుంది. అక్కడే ఆ మోడల్ మీద జనం ఇచ్చిన ఫిర్యాదులు, కంపెనీ మెకానిక్‌లకు పంపిన సర్వీస్ బులెటిన్లు కూడా ఉంటాయి. ఫిర్యాదుల్లో ఏడుపు సగం ఉంటుంది. బులెటిన్లు చదువు, కంపెనీయే ఒప్పుకున్న జబ్బులు అందులో ఉంటాయి.

కొన్నాక మాన్యువల్‌లో మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠిన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. చిన్న ప్రయాణాలు, ట్రెయిలర్, దుమ్ము, మూడూ నీకున్నాయి. రెండో పట్టికే నీది. డీలరు 10,000 మైళ్ల దాకా పర్లేదంటాడు, నవ్వేసి 5,000కే మార్చెయ్యి. మొదటిసారి మాత్రం 1,000 మైళ్లకే మార్పించి, ఆ పాత ఫిల్టర్ అడిగి తెచ్చుకో. ఇంజన్ టర్బో అయితే ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గ్రేడ్ ఉందో లేదో చూడు. తక్కువ చుట్ల మీద బరువు లాగినప్పుడు పెట్రోలు ముందే అంటుకునే జబ్బుకి ఆ గ్రేడ్ పరీక్ష పెట్టింది. బయట గ్యారేజీలో ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడకు, వారంటీ కోసం తమ దగ్గరే సర్వీసు చేయించుకోవాలని కంపెనీ షరతు పెట్టకుండా 1975 నుంచి అక్కడ మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. కాకపోతే బిల్లులన్నీ తేదీతో, మైళ్లతో ఒక ఫైల్లో పెట్టు. ఇంజన్ పోయిన రోజున వాళ్లు మొదట అడిగేవి అవే.

డబ్బు కట్టేముందు స్టిక్కర్ ఫోటో, విన్ ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి. ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుందని సేల్స్‌వాడు అంటే, మా నాన్న నిద్రలో ఉన్నారు, లేచాక చెబుతానని చెప్పు.

అమ్మ అడిగినట్టు చెప్పమంది. సీటు ఎత్తు ఎక్కడానికి వీలుగా ఉంటుందా, వచ్చే ఏడాది మేం వస్తే ఎక్కగలమా అని కూడా కనుక్కోమంది. పక్కన ఫుట్‌బోర్డు ఉన్నదే చూడు.

ఉంటాను.
నాన్న