రేపు ‘బలం’ పాఠం: ఇవి తెచ్చుకోండి

పిల్లలూ, రేపు సైన్స్ పీరియడ్‌లో ‘బలం’ పాఠం మొదలుపెడుతున్నాం.

ఒక్కొక్కరూ ఒక రబ్బర్ బ్యాండ్, పాత స్పాంజి ముక్క తెచ్చుకోండి. అయస్కాంతాలు ల్యాబ్‌లో ఉన్నాయి, కొనొద్దు.

ఈ రాత్రికి చిన్న పని. ఒక పుస్తకాన్ని బల్ల మీద తోసి వదలండి. కాస్త జరిగి ఆగిపోతుంది కదా? బలం అయిపోయింది కాబట్టి ఆగిందని చాలామంది అనుకుంటారు. కాదు, దాన్ని ఆపింది ఘర్షణ బలం, అంటే పుస్తకం, బల్ల ఒకదానికొకటి రాసుకోవడం వల్ల కదలికను అడ్డుకునే బలం. ఇప్పుడు పుస్తకం కింద నాలుగు గుండ్రటి పెన్సిళ్లు పెట్టి మళ్లీ తోయండి. ఏం తేడా కనిపించిందో, ఎందుకో, మీ మాటల్లోనే రెండు వాక్యాలు రాసుకురండి. తప్పయినా పర్వాలేదు, నాకు మీ ఆలోచన కావాలి.

బలానికి ప్రమాణం న్యూటన్. 100 గ్రాముల వస్తువు బరువు దాదాపు 1 న్యూటన్.

గుర్తుంచుకోండి: రబ్బర్ బ్యాండ్‌ను ఎవరి ముఖం వైపూ లాగి వదలకూడదు. డౌట్లుంటే ఇక్కడే అడగండి.