ఫ్రాంక్‌ఫర్ట్‌లో చుక్కకూర

సంపాదకులు గారికి నమస్కారం.

జర్మనీలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లాల్సిందేనని, మాంసం ముట్టనివాళ్లకు అక్కడ బ్రెడ్డే గతి అని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. పోయిన ఏప్రిల్‌లో నేనూ ఆ భయంతోనే ఆవకాయ, కందిపొడి కలిపి ఆరు కిలోలు మోసుకెళ్లాను. సగం మా అమ్మాయి ఫ్రిజ్‌లోనే మిగిలిపోయింది.

మొదట్లో మీరన్నదే నిజమనిపించింది. ఒక హోటల్లో బంగాళాదుంప వేపుడు చెప్పుకుంటే అందులో పందిమాంసం ముక్కలు తగిలాయి. వాటిని ‘ష్పెక్’ అంటారు. మనకు తిరగమోత ఎలాగో వాళ్లకు అదలాగ! ‘ఓనె ష్పెక్’ అంటే అది వెయ్యొద్దని. ఈ రెండు మాటలూ నేర్చుకున్నాకే విమానం ఎక్కండి.

తర్వాత ఒకరోజు అమ్మాయి క్లైన్‌మార్క్ట్‌హాలె అనే మార్కెట్‌కి తీసుకెళ్లింది. తెల్ల కాగితంలో చుట్టిన ఆకుల పొట్లం కొన్నాం. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు ‘గ్రూనె జోసె’ అనే పచ్చటి సాస్‌కి వాడే ఏడు రకాల ఆకులవి. ముప్ఫై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని, ఊరుకుంటానా? ఒక్కొక్కటీ తుంచి నమిలాను. పార్స్లీ, చైవ్స్, క్రెస్, చెర్విల్, బోరేజ్, పింపినెల్లె... ఏడోది నాలుక మీద పడగానే పుల్లగా ప్రాణం లేచొచ్చింది. చుక్కకూర! అచ్చం మనది కాదు గానీ, రెండూ రూమెక్స్ ప్రజాతివే.

పొయ్యి మీద పెట్టే పనే లేదు. సన్నగా తరిగి పుల్లటి మీగడలో, పెరుగులో కలిపి, ఉడికించిన బంగాళాదుంపలు, కోడిగుడ్లతో చల్లగా తింటారు. నేను గుడ్డు తింటాను కాబట్టి ఇబ్బంది లేదు. మొదటిసారి పెరుగుపచ్చడికి తిరగమోత మర్చిపోయారేమో అనుకున్నాను. మూడోసారికి గిన్నె నా వైపే జరుపుకున్నాను. ఈస్టర్ ముందు గురువారం అక్కడ చాలా ఇళ్లలో ఇదే వంట. తిరుపతి లడ్డూకి ఉన్నట్టు దీనికీ 2016లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. కాస్త కొత్తిమీర వేస్తే ఏమవుతుందని పక్కింటి పెద్దావిడను అడిగితే, ఏడు వేళ్లు చూపించి తల అడ్డంగా ఊపేసింది.

ఈసారి జర్మనీ తిండి గురించి రాసేటప్పుడు దీనికీ నాలుగు వాక్యాలు కేటాయించండి. ఇంటికొచ్చాక చుక్కకూర, పుదీనా, కొత్తిమీరతో నేనే చేసి చూశాను. మావారు ఒక ముద్ద తిని, లేచి వెళ్లి ఆవాలూ ఎండుమిర్చీ వేయించి తెచ్చి అందులో కలుపుకున్నారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, నరసరావుపేట