హద్దు గీత దగ్గరే ఆగిపోతున్న సైట్ ప్లాన్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో బిల్డింగ్ పర్మిషన్ల గురించి ఎవరు రాసినా ఎక్కువగా రెండు మాటలే కనిపిస్తాయి, ఫైల్ కదలట్లేదని ఒకటి, చెయ్యి తడపందే పని అవ్వట్లేదని ఇంకోటి. అవి అబద్ధాలని నేననను. కానీ ప్లాన్లు గీసే పనిలో ఉన్నవాడిగా ఇంకో సంగతి చెప్పాలనిపించింది. ఫైల్ టైముకే కదిలి, ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వకుండా, అంతా రూల్ ప్రకారమే అప్రూవ్ అయిన ప్రాజెక్టుల వల్ల కూడా పక్కిళ్లలోకి నీళ్లొస్తున్నాయి. ఎందుకంటే మేం సబ్మిట్ చేసే సైట్ ప్లాన్, అంటే స్థలంలో ఏది ఎక్కడ వస్తుందో చూపించే బొమ్మ, స్థలం హద్దు గీత దగ్గరే ఆగిపోతుంది, గీత అవతల ఏముందో అందులో ఉండదు, అడిగేవాళ్లూ తక్కువే.

ఏదైనా పెద్ద ప్రాజెక్టు షీట్ తీసి చూడండి. ఉత్తరం బాణం, స్కేలు, ఏరియా స్టేట్‌మెంట్, సెట్‌బ్యాకులు (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ లెక్క, ఆకుపచ్చ గుండ్రాలతో చెట్లు (సైట్లో ఇప్పుడున్నవి కాదులెండి, రేపు నాటబోయేవి) అన్నీ ముచ్చటగా ఉంటాయి. వాన నీళ్లు ఎటు పోతాయా అని వెతికితే సన్నటి నీలం గీత ఒకటి బ్లాకుల వెనకాలగా వచ్చి, కాంపౌండ్ వాల్ దగ్గర బాణం గుర్తుతో ముగుస్తుంది, పక్కన చిన్నక్షరాల్లో 'టు మున్సిపల్ డ్రైన్' అని ఉంటుంది, అంతే. ఆ డ్రైన్ ఎక్కడుంది, వెడల్పెంత, దాని అడుగుభాగం లెవెల్, అంటే ఎత్తు, మన పైపు కంటే కిందుందా పైనుందా, షీటంతా గాలించినా దొరకదు. డ్రైన్ అడుగుభాగం మన పైపు కంటే పైనుందనుకోండి, మన నీళ్లు అటు పోవడం దేవుడెరుగు, గట్టి వాన పడితే డ్రైన్ నీళ్లే సైట్లోకి ఎదురొస్తాయి. అప్పుడు బిల్డర్ మట్టి తోలి సైట్ ఎత్తు పెంచుతాడు, ఎత్తయ్యాక నీళ్లు పల్లం చూసుకుంటాయి, ఆ పల్లంలో ఎప్పట్నుంచో ఎవరిదో ఇల్లుంటుంది.

ఎన్ని నీళ్లో లెక్కేసుకోవడం ఏమంత కష్టం కాదండీ. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద 2 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 40 తెచ్చి ఒకేచోట వాల్వు తిప్పేసినట్టు. ఖాళీ నేలగా ఉన్నప్పుడు ఇందులో చాలా వరకు ఇంకిపోయేది. డ్రైనేజీ లెక్కల్లో గడ్డి నేలకైతే మట్టిని బట్టి, వాలుని బట్టి 5 నుంచి 35 శాతం పారుతుందని వేసుకుంటాం, అదే కాంక్రీటుకైతే 80 నుంచి 95 శాతం. ఇంకుడు గుంతలు చూపిస్తారు కదా అంటారేమో, చూపిస్తారు, ప్రతి షీట్లోనూ ఉంటాయి, కానీ ఆ గుంత సైజు ఈ లెక్కలోంచి వచ్చిందా పాత ప్రాజెక్టు ఫైల్లోంచి కాపీ పేస్ట్ అయి వచ్చిందా అన్నది ఎవరైనా ఒకసారి చూస్తే బాగుంటుంది.

లెవెల్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి, అసలు గొడవంతా అక్కడే ఉంది. సర్వే చేసేవాళ్లు చాలాసార్లు గేటు దగ్గరో పక్కనున్న కల్వర్టు మీదో ఒక పాయింట్ పెట్టుకుని దాని ఎత్తుని 100.00 మీటర్లు అనేసుకుంటారు, మిగతావన్నీ దాంతో పోల్చి రాస్తారు. సైట్ లోపలి పనికి అది చాలు, తప్పేం లేదు. పక్క సైట్ వాళ్లు కూడా వాళ్ల గేటు దగ్గర ఇంకో 100.00 అనుకుంటారు. రెండు ప్లాన్లూ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెట్టినా ఏది ఎత్తు ఏది పల్లం అనేది ఆఫీసరుకి కూడా తెలీదు, రెండు కాగితాల్లోనూ నేల 100.00 దగ్గరే ఉంటుంది మరి. ఊరంతటికీ ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తు) నుంచి, సముద్రమట్టానికి లింకు ఉన్న లెవెల్ నుంచి తీసుకుంటే ఈ అయోమయం ఉండదు. కొన్ని షీట్లైతే మరీను, సైట్ ప్లాన్లో రోడ్డు 0.00, నేల కూడా 0.00 అని రాసి, అదే షీట్లో మూలకి సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపించే బొమ్మ) దగ్గర మాత్రం రోడ్డు కంటే 900 మిల్లీమీటర్లు ఎత్తున నేల, దాని పక్కన మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ గీసుంటారు. అది చూసే ఓపిక ఎవరికుంది.

ఆన్‌లైన్ అయ్యాక కంప్యూటరే చెక్ చేస్తోంది కదా అనేవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ మంచిదే, సెట్‌బ్యాక్ పది సెంటీమీటర్లు తగ్గినా పట్టేసి షార్ట్‌ఫాల్ (ఫలానాది తక్కువైందన్న నోటీసు) వేస్తుంది, డ్రాయింగ్ ఫైల్లో గీతల్ని విడదీసే లేయర్ పేరు తప్పు పెట్టినా ఫైల్ వెనక్కొస్తుంది. అది చూసేది మేం గీసిన గీతల్నే, మేం గీయని డ్రైన్ లేదని దానికెలా తెలుస్తుంది.

ఇక ఆ చుట్టుపక్కలవాళ్లు ప్లాన్ ఎలా చూడాలి? అడిగితే ఒక జిరాక్స్ ఇస్తారు, లేదంటే పీడీఎఫ్. అసలు షీట్ ఎ1 సైజు, 841 బై 594 మిల్లీమీటర్లు, చేతికొచ్చేది ఎ3 ప్రింటు, దాని కొలతలు సరిగ్గా సగం. 1:200 (అంటే బొమ్మలో 1 సెంటీమీటరు నేల మీద 2 మీటర్లు) అని రాసున్న బొమ్మ అక్కడ 1:400 అయిపోయింది, రాసింది మాత్రం 1:200 అనే ఉంది. ఎవరో పెద్దాయన ఓపిగ్గా స్కేలు పెట్టి కొలిచి, గోడకీ బిల్డింగుకీ మధ్య 7 మీటర్లు వదులుతున్నామని చెప్పి 3.5 మీటర్లే వదులుతున్నారేంటని అభ్యంతరం రాస్తే, కొలత తప్పని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. షీట్ మీద గీతల స్కేలు, అదే స్కేల్ బార్, ఒక్కటి గీస్తే ప్రింటు చిన్నదైతే అదీ చిన్నదవుతుంది, ఎవరు ఎక్కడ ప్రింటు తీసుకున్నా కొలత సరిగ్గానే వస్తుంది. దానికి మాకు పట్టే టైము రెండు నిమిషాలు.

ఇంకోటి కూడా, హద్దుల కొలతలు. డాక్యుమెంట్లో నాలుగు పక్కలా 20 మీటర్లు అని ఉంటే 400 చదరపు మీటర్లు అని రాసేస్తారు. మూలలు మట్టంగా ఉంటేనే అది నిజం, స్థలం పక్కకి వాలి మూల 60 డిగ్రీలకొస్తే అవే నాలుగు కొలతలకి 346 మాత్రమే వస్తుంది. ఎదురెదురు మూలల మధ్య ఐమూల కొలత ఒక్కటి వేస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

అందుకని నేను కోరేది, హద్దు దాటి చుట్టూ కనీసం 30 మీటర్ల దాకా నేల లెవెల్స్, పక్కిళ్ల గడప లెవెల్స్, నీళ్లు కలిసే డ్రైన్ అడుగుభాగం లెవెల్, స్కేల్ బార్, వీటిలో ఏది లేకపోయినా ఆ సైట్ ప్లాన్‌ని అసలు స్క్రూటినీకే (పరిశీలనకే) తీసుకోకూడదు, అది అప్లికేషన్ చెక్‌లిస్టులోనే ఉండాలి. ఖర్చు పెరుగుతుందని మా వాళ్లే అంటారు, నాకు తెలుసు. సర్వేయర్ ఎలాగూ టోటల్ స్టేషన్ (దూరాలు, ఎత్తులు కొలిచే యంత్రం) తెచ్చి స్టాండ్ వేసి సైటంతా పాయింట్లు తీస్తున్నాడు, ఆ యంత్రం గురిపెట్టే ప్రిజం కర్ర పట్టుకున్న కుర్రాణ్ణి గేటు దాటి రోడ్డు మీద, పక్క సందులో, డ్రైన్ అడుగున నిలబెట్టి ఇంకో యాభై పాయింట్లు తీయిస్తే మహా అయితే ఓ పూట పని. చిన్న ఇళ్లకి ఇది వద్దంటే వద్దు, ఎకరం దాటిన ప్రాజెక్టులతో మొదలుపెట్టమనండి.

ఇట్లు,
ఒక ప్లాన్ డ్రాఫ్ట్స్‌మన్