పెద్దమ్మ చెంప మీద గడ్డ గురించి

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో మీ పెద్దమ్మ చెంప మీద గడ్డ సంగతి చెప్పి, "నొప్పేం లేదుట, అదే పోతుందిలే" అన్నావు చూడు, ఆ మాటకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న విషయంలో మేమూ అచ్చం అలాగే అనుకున్నాం. ఫోన్లో అయితే సగం మింగేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

నాన్నకి ఎడమ కణత మీద మొదట కందిగింజంత లేచింది. ఎరుపూ ఊదా కలిసిన రంగు, పైన నున్నటి మెరుపు. నేను వేలితో నొక్కి చూశాను, గట్టి రబ్బరు ముక్కలా తగిలింది. నాన్న కనీసం మొహం చిట్లించలేదు. అదే మమ్మల్ని ముంచింది. నెలన్నరకల్లా రేగుపండంత అయింది. మొదట చూసిన డాక్టరు కొవ్వుగడ్డేనని పంపేశాడు. చాలామందికి ఇది అలాగే కనిపిస్తుందిట.

రెండో డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపింది. మెర్కెల్ సెల్ కార్సినోమా, ఒకరకం చర్మ క్యాన్సర్. పేరే ఎప్పుడూ వినలేదు. పాథాలజీ డాక్టరు స్క్రీన్ మీద చూపించారు: నీలంగా, గుండ్రంగా, కిక్కిరిసిన చిన్న చిన్న కణాలు. ఊపిరితిత్తుల్లో వచ్చే ఒకరకం క్యాన్సర్ కూడా ఇలాగే ఉంటుందిట. అందుకే సీకే20 అని ఇంకో రంగు పరీక్ష చేశారు. కణాల్లో కేంద్రకం పక్కనే గోధుమరంగు చుక్క, బొట్టు పెట్టినట్టు. అదే మెర్కెల్ అని చెప్పే గుర్తుట. ఆ చుక్క ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

దీని వెనక చాలాసార్లు ఒక వైరస్ ఉంటుంది, 2008లో కనిపెట్టారు. పదింట ఎనిమిది కణితుల్లో అదే. మిగతావాటికి ఎక్కువగా ఎండే కారణం. వైరస్ మాట వినగానే అమ్మ నాన్న తువ్వాలు విడిగా ఆరేసింది. ఆ వైరస్ చాలామంది చర్మం మీద ఊరికే ఉంటుందనీ, క్యాన్సర్ అంటుకోదనీ డాక్టరు చెప్పాకే మళ్ళీ కలిపింది.

ఇది లింఫ్ గ్రంథుల్లోకి తొందరగా పాకుతుంది. గడ్డ చుట్టూ మంచి చర్మం కొంత కలిపి కోశారు, అదే పూట చెవి ముందున్న గ్రంథి కూడా తీసి చూశారు. అందులో కాసిని కణాలు దొరికాయి. వెంటనే రేడియేషన్. ఒకవేళ దూరంగా పాకినా, ఇప్పుడు మన రోగనిరోధక శక్తినే దాని మీదకి ఉసిగొల్పే మందులున్నాయి. వాటిలో అవెలుమాబ్ అనేదానికి అమెరికాలో 2017లో మొదట అనుమతి వచ్చింది. అంతకుముందు కీమోతో గడ్డ కరిగినా కొన్ని నెలల్లోనే తిరగబెట్టేదిట. నాన్నకి ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. మూడు నెలలకోసారి చూపిస్తున్నాం, తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనేట.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి. నొప్పి లేదు, గబగబా పెరుగుతోంది, వయసు 50 ఎప్పుడో దాటింది, ఎండ తగిలే చోటే ఉంది. పైగా కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతోంది కదరా! ఈ అయిదు గుర్తులూ డాక్టర్లు చూసేవే. అదే అని నేననను, మామూలు గడ్డే అయితే అంతకన్నా ఏం కావాలి? కానీ పైపైన చూసి పంపేస్తే ఒప్పుకోకు, బయాప్సీ చెయ్యమని అడుగు. ఆ మందుల చీటీ కూడా తీసుకెళ్ళు.

ఈ వారంలోనే వెళ్ళండి. రిపోర్టు రాగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ
సత్యం