గట్టు దారి ఉంది, తిరుగు బస్సు టైమే తెలియదు

ఎడిటర్ గారికి నమస్కారం.

గోదావరి జిల్లాల్లో చూడదగ్గ చోట్లు అని పత్రికల్లో రాసినప్పుడల్లా పాపికొండల లాంచీ, దిండి రిసార్టులు, కారులో వెళ్లే గుళ్ళు కనిపిస్తాయి. పల్లెవెలుగు బస్సెక్కి, ఏటిగట్టునో కాలవగట్టునో మూడు నాలుగు గంటలు నడిచి, పొద్దుగూకేలోగా ఇంటికి చేరాలనుకునేవాళ్ళకు అక్కరకొచ్చే వివరం మాత్రం ఎక్కడా దొరకదు. కారు లేని ఇళ్ళే మన దగ్గర ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

డెల్టాలో నడకదారులు కొత్తగా వేయక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని కింద సాగిన పెద్ద కాలవలు సాగునీటికే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వినవి. నీటిమట్టం మారే చోట పడవలను ఎక్కించి దించే తలుపుల కట్టడాలు, అదే లాకులు, అందుకే కట్టారు. ఎదురునీట పడవను తాడు కట్టి లాగేవాళ్ళు గట్టు మీదే నడిచేవారు. వాళ్ళ కాళ్ళ కింద గట్టు చదునుగా, ఎక్కడా తెగకుండా ఉండాలి. పడవలు పోయాయి గానీ ఆ చదును చాలాచోట్ల ఇంకా మిగిలే ఉంది.

మొదటిసారి వెళ్లేవాళ్ళకు అన్నిటికన్నా తేలిక ధవళేశ్వరం బ్యారేజీ నడక. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు నుంచి ధవళేశ్వరానికి ఆటోలకు కొదవ లేదు. కాటన్ మ్యూజియం దగ్గర దిగి తూర్పు నుంచి పడమరకు, అంటే విజ్జేశ్వరం వైపు నడవాలి. పొద్దున పూట సూర్యుడు వీపు మీద ఉంటాడు, కళ్ళలో పడడు. ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడిస్తే నిండు గోదావరి కూడా ఆ పక్కనే ఉంటుంది. బ్యారేజీ నాలుగు ముక్కలు: ధవళేశ్వరం 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. మధ్యలో లంకలు. పిల్లరుతో కలిపి ఒక్కో గేటు సుమారు ఇరవై మీటర్లు కాబట్టి యాభై గేట్లు దాటితే కిలోమీటరు నడిచినట్టే, వేరే కొలత అక్కర్లేదు. లంకలతో కలిపి మొత్తం ఆరు కిలోమీటర్ల లోపే. ఆగుతూ చూస్తూ వెళ్తే రెండు గంటలు. రోడ్డు ఇరుకు, బైకులూ ఆటోలూ ఆగకుండా తిరుగుతుంటాయి, కాబట్టి చిన్నపిల్లల్ని చెయ్యి వదలకూడదు. విజ్జేశ్వరం నుంచి ఆటోలో నిడదవోలు స్టేషనుకు చేరి పాసింజరు ఎక్కితే, పొద్దున కాలినడకన దాటిన గోదావరినే సాయంత్రం కొవ్వూరు దాటాక రైలు కిటికీలోంచి మళ్ళీ చూడొచ్చు.

రెండోది ఇంకా బాగుంటుంది గానీ కాస్త లెక్క కావాలి. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలై, ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వస్తుంది. అక్కడి నుంచి పాయలుగా చీలి కోనసీమలోకి పోతుంది. దీన్ని పైనుంచి కిందికి కాకుండా కిందినుంచి పైకి నడవాలి. రావులపాలెం వైపు నుంచి బస్సులో లొల్ల దాకా వెళ్ళిపోయి, అక్కడ దిగి బొబ్బర్లంక వైపు వెనక్కి రావాలి. అలసట పెరిగేకొద్దీ పట్నం దగ్గరవుతుంది, బండ్లు ఎక్కువ దొరుకుతాయి. రాజమండ్రి వైపు నుంచి నడక మొదలుపెట్టినవాళ్ళు సరిగ్గా కాళ్ళు ఈడ్చే వేళకు బస్సులు తక్కువుండే చోట చిక్కుకుంటారు. ఏ గట్టు నడకకైనా ఇదే వరస.

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూడటానికి ఒక పావుగంట ఆగాలి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. గుడ్డ వచ్చేస్తుంది, కుండను అంటుకున్న పిండి పొర క్షణంలో ఆరి అంచు లేస్తుంది. దాన్ని రెండు వేళ్ళతో ఊడదీస్తారు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే చిరుగుతుంది. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్నవాటిని సంచీ అడుగున వేయొద్దు, ఇంటికొచ్చేసరికి పొడి మిగులుతుంది.

ఇక ఎక్కడెక్కడ దెబ్బతింటామో చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు చివరి బస్సు. పల్లెలో ఎవరినైనా అడిగితే "ఎనిమిదింటికి బస్సుందండీ" అంటారు. అది నిజమే, కానీ అది ఊళ్ళోకి వచ్చే నైట్ హాల్ట్ బస్సు. రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే తిరిగి బయల్దేరుతుంది. కనక "చివరి బస్సు ఎప్పుడు?" అని కాకుండా "రాజమండ్రి వైపు పోయే చివరి బస్సు ఎప్పుడు?" అని అడగాలి. వెళ్లేటప్పుడే కండక్టర్ని అడగడం ఇంకా మంచిది. దానికి ముందున్న బస్సునే మన బస్సు అనుకుని నడక ముగించాలి. డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. ఆ గంట తేడా మరిచిపోయే చాలామంది చీకట్లో గట్టు మీద ఉండిపోతారు. గట్టి మట్టి మీద గంటకు నాలుగు కిలోమీటర్లు, వాన పడి జిగురెక్కితే మూడు కూడా రావు.

రెండో పొరపాటు అవతలి గట్టు. రోడ్డు ఒక గట్టున ఉంటే నీడా నిశ్శబ్దం చూసి రెండో గట్టుకు మారతాం. తర్వాతి వంతెన ఎంత దూరమో కనుక్కోకుండా మారితే, మనం ఇవతల చూస్తుండగానే బస్సు అవతల పోతుంది. నడుము లోతే కదా అని కాలవలోకి దిగడం ప్రాణాంతకం. తూముల దగ్గర నీరు అడుగున లాగుతుంది, లాకు మెట్ల మీద నాచు. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట ఒడ్డు ఎక్కడ ముగిసిందో కంటికి తెలియదు, పచ్చటి నేలలాగే ఉంటుంది. గట్టు ఎక్కడ కోసిందో, ఎక్కడ తవ్వారో కాలవలనూ లాకులనూ చూసుకునే లస్కర్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లాకుల దగ్గర వాళ్ళు కనిపిస్తే రెండు నిమిషాలు నిలబడి అడగాలి. కోతల రోజుల్లో ఎలకల కోసం రక్తపింజర్లు గట్టెక్కుతాయి, చెప్పుల బదులు బూట్లు వేసుకోవాలి. చేలగట్ల మీద అడ్డదారి తొక్కొద్దు, ఒక్క అడుగుకు గండి పడితే రైతు మడిలో నీళ్ళన్నీ పోతాయి.

వరదల రోజుల్లో ఈ నడకలన్నీ మానాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందంటేనే సుమారు పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నట్టు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక గట్ల మీద మరమ్మతు లారీల దుమ్మే ఉంటుంది. కార్తీకం నుంచి మాఘం దాకా అసలైన కాలం.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఈ దారులకు రాగలిగేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, వాళ్ళకు కావలసిన సమాచారం మాత్రం పెరగలేదు.

గట్లను "అభివృద్ధి" చేస్తామని సిమెంటు రోడ్లు వేయొద్దని జలవనరుల శాఖ వారికి మనవి. సిమెంటు పడిన మరుసటి నెలకే కార్లు వస్తాయి, మధ్యాహ్నం ఆ వేడికి నడవలేం, నీడనిచ్చే చెట్లు ముందే కొట్టేస్తారు. గుంతలు పూడ్చి గ్రావెల్ పరిస్తే రైతుల ట్రాక్టర్లకూ నడిచేవాళ్ళకూ సరిపోతుంది. ఆర్టీసీ వారిని అడిగేది ఇంకా చిన్నది. లాకుల దగ్గర, వంతెనల దగ్గర ఒక రేకు బోర్డు. దాని మీద ఊరి పేరు, పట్నం వైపు చివరి మూడు బస్సుల టైములు, అవతలి గట్టుకు దగ్గరి వంతెన ఎన్ని కిలోమీటర్లో రాస్తే చాలు. మీ జిల్లా పేజీలో సినిమా హాళ్ళ ఆటల టైములు వేసే చోట వారానికొక గట్టు దారి, దాని తిరుగు బస్సుల టైములు వేయగలరా? ముందుగా లొల్ల నుంచి మొదలుపెట్టమని కోరుతున్నాం.

ఇట్లు,
గట్టు దారుల పాఠకులు,
ధవళేశ్వరం